పెంటదిబ్బల మోటరు

బంగారమసొంటి మోటరును పెంటదిబ్బల పూడ్చిపెట్టినోన్ని ఏమనాలె? మీరే చెప్పుండ్రి. నేనంటె బాగుండదు. నా నోట్లెకెల్లి వచ్చే మాటలు వింటె మా పాస్టరయ్య నన్ను గుడి మెట్టు గూడ ఎక్కనియ్యడు.

గా మోటరు మదన్ మోహన్ రెడ్డి దొరది. పాపన్నపేట దిక్కు, మంజీర ఒడ్డున ఆయన ఊరు, ఊరి నడుమ ఆయన గడి. వాళ్ల నాయిన ఉన్నప్పుడు విలాయతికెల్లి తెప్పిచ్చిన నల్ల మోటరు కారు. నిజాం రాజ్యం పోయిన గా యేడు ఎండకాలంల రజాకార్లు కనబడ్డ బండినల్ల గుంజుకపోతుండిరి. ఇంకో దిక్కు కమ్యూనిస్టు సంగపోళ్లు గడీల మీద పడుతుండిరి. ఇద్దరికీ చిక్కొద్దని దొరకు ఉపాయం తట్టింది. ఇంజను ఇప్పించి, నూనె గుడ్డలల్ల చుట్టించి అటుక మీద పెట్టిచ్చిండు. మిగిలిన మోటరును కొట్టం ఎనుక పెంటదిబ్బల దించి, మీద గడ్డి, గడ్డి మీద పెండ కప్పిచ్చిండు. వానకాలమంత అది అండ్లనే ఉన్నది. పెండ, బర్ల ఉచ్చ, మీదికెల్లి వాన. ఇనుమును తినే తుప్పును మేం జంగంటం. జంగుకు గంతకంటె పండుగేముంటది?

సెప్టెంబర్ల యూనియన్ మిలట్రీ వచ్చింది. రజాకార్లు ఎక్కడోళ్లు అక్కడ అంగీలు మార్చిండ్రు. దొర అంగీతోని ఆగలేదు, టోపీ గూడ మార్చిండు. నిన్నటిదాంక నెత్తి మీద ఎర్ర రూమీ టోపీ, ఇయ్యాల తెల్ల ఖద్దరు టోపీ. టోపీకి తగ్గట్టు మోటరు గూడ కావాలె గద. దిబ్బ తవ్విచ్చి బయటికి తీస్తె అది నిలువెల్ల జంగు పట్టి ఉన్నది.

ఎల్లం అని దొర డ్రైవరు, వాడు ఇంజను మల్ల ఎక్కిచ్చిండు. ఇంజనుకు ఏం కాలేదు, గుర్రం లెక్క లేచింది. కని నడిపితె అదురుకు ఎక్కడి రేకు అక్కడ రాలుతున్నది. అందుకని ఎడ్లు కట్టి, మెదక్ దాంక గుంజుకొచ్చి నా షెడ్డు ముంగట నిలబెట్టిండ్రు.

నా షెడ్డు పెద్ద గుడికి, గదే మెదక్ చర్చికి, పోయే తొవ్వలనే. గుడి కట్టేటప్పుడు మా నాయిన రాళ్లు మోసిండు, నేను పెద్దగైనంక ఆ గుడి వానగొట్టాల మీదనే రేకుపని నేర్చిన. బకీట్లు, లాంతర్లు, దవాఖాన నీళ్ల డ్రమ్ములు, ఏదొస్తె అది చేస్త. ఒకపారి మిషన్ మిస్సమ్మ మోటరుకు మడిగార్డు అతికిచ్చిన. గా పేరే నా నెత్తి మీదికి తెచ్చింది.

"యోసేపూ, దసరా పోంగనే నా మోటరు అద్దం లెక్క మెరవాలె" అన్నడు దొర.

నేను తలుపు మీద బొటనవేలు పెట్టి జర ఒత్తిన. వేలు సీద లోపటికి పోయింది.

"దొరా, ఇది మోటరు గాదు, జల్లెడ. వేరేటోన్ని చూసుకోండ్రి" అన్న. ఎందుకనొద్దు? మిలట్రీ వచ్చింది, ఇగ వెట్టి లేదు, దొరలకు ఊకె చాకిరి చేసేది లేదని ఊరూర చెప్పుకుంటుండ్రు. నాకు ఆ మాట మస్తు నచ్చింది. ఒక్కపారన్న దొర మొఖం మీద కాదని అనాలని ఎన్నటి సందో నా నాలిక దురద పెడుతున్నది.

దొర గుస్సా కాలేదు. నవ్విండు.

"నీ బామ్మర్ది ప్రకాశం క్యాంపుల ఉన్నడు గద?" అన్నడు.

షెడ్డు ఎనుక ఇంట్ల నవోమి చేతులకెల్లి గిన్నె కింద పడ్డ సప్పుడు వినబడ్డది.

ప్రకాశం నా పెండ్లాం నవోమికి తమ్ముడు. వాళ్ల అమ్మ చచ్చిపోతె నవోమే చంకనేసుకుని పెంచింది. చదివించుకున్నం. దొర ఊర్లనే మిషన్ బడిల పంతులయిండు. పంతులు పంతులు లెక్క ఉండాలె గద? పిల్లలకు ఒత్తులు నేర్పాలె, మాపటికి ప్రార్థన చెయ్యాలె. వీడు అట్ల కాదు. పొద్దుమూకినంక వాడకట్టోళ్లను కూసోబెట్టి, గడికి వెట్టికి పోకుండ్రి, ఏం చేస్తరో చూస్తం అని చెప్పిండు. వాళ్లు పోలేదు. గడిల పాయిఖాన ఎత్తేటోడు లేక దొర్సాని చెంబు పట్టుకుని బయట నిలబడాల్సొచ్చింది. మిలట్రీ రాంగనే, వీడు కమ్యూనిస్టు అని వేలు పెట్టి చూపించిందెవరు? గీ దొరే. వాణ్ని ఖిల్లా కింద ముండ్లకంచె క్యాంపుల పెట్టిండ్రు. ఇప్పుడు విడిపించెటోడెవరు? మల్ల గీ దొరే.

"నేనొక మాటంటె ఇడుస్తరు" అన్నడు దొర. "కని మొన్న ఎడ్లబండిల పోతె ఆ గేటు కాడి సిపాయి నన్ను గూడ అందరితోని ఎండల నిలబెట్టిండు రా. కెప్టెన్ మొఖం గూడ చూపియ్యలేదు. మోటరుల దిగితెనే దొరను దొర అంటరు. మోటరు తయారు చెయ్యి, నేను పోత. పోతె నీ బామ్మర్ది ముచ్చట తీస్త."

గదీ సంగతి. వెట్టి వద్దన్నందుకు లోపట పడ్డోన్ని విడిపించనీకె నేను వెట్టి చెయ్యాలె. అయినా సుత్తి అందుకున్న.

జంగు పనిల ఉన్న తిప్పలు చేసినోనికే ఎరుక. పైకి రూపాయి బిళ్లంత మచ్చ కనబడతది. గింతే గద అనుకుని గీసుకత్తితోని గీకితె రంగు పెచ్చు లేస్తది. పెచ్చు కింద ఎర్ర పొడి. పొడి దులిపితె బొక్క. బొక్క చుట్టు మంచి రేకు దొరికేదాంక కత్తిరించుకుంట పోతె అరచెయ్యంత అయితది, అరచెయ్యి చాటంత అయితది. ఒక తలుపు సగం కత్తెరకే పోయింది. బాగు చేస్తున్ననా, కోసి కుప్ప పెడుతున్ననా అని నాకే అనుమానం వచ్చింది.

కొత్త రేకు ఎక్కడిది? యూనియనోళ్లు సరుకు ఆపిన సంది బజార్ల ఏది లేదు. గ్యాసునూనె డబ్బాలు చీరి, చెక్క సుత్తితోని సాపు చేసి అతుకులు కోసిన. రివిట్లు కొట్టిన. అంచులకు మాటెయ్యాలంటె తగరం కావాలె. ఇంట్ల గిన్నెలకు కళాయి పోయించుకుందామని నవోమి దాచుకున్న తగరం ముక్క గూడ దొర మోటరుకే పోయింది. ఇప్పుడు మా ఇంట్ల చారు పచ్చగ చిలుముతోని వస్తున్నది. అది గూడ దొర పుణ్యమే.

దొర తల్లితోని మెదక్‌లనే మకాం పెట్టిండు. దినాం వచ్చుడు, ఒక్కటే మాట.

"రంగు ఎప్పుడేస్తవ్ రా?"

"జంగు పోయినంక దొరా."

"జంగు లోపట ఉంటది, రంగు పైన ఉంటది. లోపట ఎవడు చూస్తడు? రంగెయ్యి."

"జంగు మీద రంగేస్తె నెల తిరగకముందే బుగ్గలు లేస్తయి దొరా."

"నెలదాంక నాకెందుకు? ఒక్క దినం మెరిస్తె చాలు."

పండ్లు కొరుకుకున్న. సరే, ఆయనంటె దొర. ఇంట్ల నవోమి గూడ అదే పాట అందుకున్నది.

"నీకు జంగు ముద్దా, నా తమ్ముడు ముద్దా? నల్లరంగు నాలుగు పూతలు పూసి వాని మొఖాన కొట్టరాదయ్యా!"

"పూసినంక తలుపు చేతులకు ఊడొస్తె? గేటు కాడ సిపాయి ముంగట దొర చేతుల తలుపు పట్టుకుని నిలబడితె? నీ తమ్ముని ముచ్చట తీస్తడా గప్పుడు?"

"నీకన్ని వంకలే. అతుకుకు అతుకు పెట్టుకుంట కూసో. అక్కడ వాడు చిక్కి సగమయిండు" అని కొంగు నోట్ల కుక్కుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాదు, కోపమొస్తది. సుత్తి తీసి ఇసిరికొట్టిన. అది పోయి నేనప్పుడే సాపు చేసిన మడిగార్డు మీద పడి సొట్ట పడ్డది. ఆ సొట్ట తీయనీకె పొద్దంత పట్టింది. నా గ్రహచారం గట్లుంటది.

ఎట్లయితేం, దసరా ముందు దినానికి పని ఒక కొలిక్కొచ్చింది. అతుకులన్ని పడ్డయి. రేగుమాల్ కాయితం పెట్టి రుద్ది రుద్ది చేతుల తోలు లేచిపోయింది గని మోటరు మీద జంగన్న మాట లేదు. కొత్త బిందె లెక్క తెల్లగ మెరుస్తున్నది. ఇగ సిందూరాన్ని అవిసె నూనెల కలిపి పుయ్యాలె. గదే జంగును ఆపేది. అది ఆరినంక నల్లరంగు. సిందూరం నూరి, నూనెల కలిపి పెట్టిన. తెల్లారి పూస్తనని చేతులు కడుక్కున్న. ఎన్నటి సందో ఆ దినం నాకు అన్నం సయించింది.

తెల్లారి పొద్దుగాల నవోమితోని క్యాంపుకు పోయిన, ప్రకాశానికి రొట్టెలిచ్చి జల్ది వద్దామని. వాడు కంచె కాడికొచ్చిండు. గడ్డం పెరిగింది. కండ్లు లోపటికి పోయినయి. "బావా, సోమవారం సోమవారం లారీ వస్తున్నది" అన్నడు. "పేర్లు పిలిచి ఎక్కిచ్చుకుంటుండ్రు. ఎక్కడో మరాఠోళ్ల దిక్కు జైలంట. పోయినోళ్ల నుంచి ఒక్క మాట వస్తలేదు. ఈ సోమవారం మా వరస అంటుండ్రు."

వాడు ఎన్నడూ బుగులు పడేటోడు కాదు. ఆ దినం కంచెను రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నడు. నవోమి ఆ చేతుల మీద చెయ్యి పెట్టంగనే సిపాయి గదిమిండు. నేనొక మాటన్న: "ఆదివారం దొరను తీసుకొస్త. నువ్వు లారీ ఎక్కవు." అనేటప్పుడు నాకు నమ్మకమే ఉండె. సిందూరం తయారున్నది, రేకు తెల్లగున్నది. ఇంకేం కావాలె?

ఉరుకుకుంట షెడ్డుకొచ్చిన. షెడ్డు ముంగట సవారి బండి నిలబడి ఉన్నది. లోపట దొర తల్లి నిర్మలమ్మ దొర్సాని. ఆమె చుట్టు పళ్లాలు, పూలు, ఊదుకడ్డీల పొగ.

ఆ దినం ఆయుధపూజ. నాకు యాదికే లేకపాయె.

పసుపునీళ్లు బిందెతోని తెచ్చి మోటరు మీద ఆ కొస నుంచి ఈ కొస దాంక పోసిండ్రు. ఒక్కో తలుపు మీద, ఒక్కో మడిగార్డు మీద కొబ్బరికాయ కొట్టి నీళ్లు వొంపిండ్రు. నిమ్మకాయలు కోసి పిండిండ్రు. ఉప్పు దిష్టి తీసి ఆ ఉప్పు గూడ దాని మీదనే చల్లిండ్రు. ఒక పూత రంగన్న లేని ఒట్టి ఇనుము మీద! ఉప్పు, పులుసు, తడి, ఇంకేం తక్కువున్నది?

"అమ్మా! ఏం పని చేసిండ్రమ్మా!" అని మొత్తుకున్న.

"ఏమయిందిరా? పెంటదిబ్బల ఉన్న బండి ఇది. మైల తియ్యకుండ నా కొడుకును ఎక్కనిస్తనా?" అన్నది దొర్సాని, చల్లగ.

"మైల నేను గీకి తీసిన గదమ్మా! జర గుడ్డ ఇయ్యుండ్రి, తుడుస్త. మీ కాల్మొక్త, తుడువనియ్యుండ్రి."

"ముట్టకు! పూజ చేసిన పనిముట్టును ఆ దినం ముట్టొద్దు. నీకెట్ల తెలుస్తదిలే, కిరస్తానపోనివి. నీ సుత్తి, కత్తెర గూడ ఇటు తే, బొట్టు పెడత."

తెచ్చేది లేదు, అప్పటికే తీసుకున్నరు. నా సుత్తి, కత్తెర, గీసుకత్తి వరసగ అరిటాకు మీద కూసున్నయి, కుంకుమ బొట్టుతోని. రేపు పొద్దుగాలదాంక ఎవ్వరు దగ్గరికి రావొద్దని ఎల్లాన్ని కట్టె ఇచ్చి కావలి పెట్టింది. పోతపోత నా చేతుల కొబ్బరిచిప్ప, బెల్లం ముక్క పెట్టింది. ఆమెను తిట్టనీకె గూడ లేదు. మంచి మనసుతోనే చేసింది, కొంప ముంచింది.

పొద్దంత షెడ్డు ముంగట అరుగు మీద కూసుని చూసిన. కండ్ల ముంగటనే రేకు మసక బారింది. మసక పచ్చబడ్డది. పచ్చ ఎర్రబడ్డది. మాటేసిన అంచుల పొంటి సన్నగ ముక్కుపొడి లెక్క జంగు లేస్తున్నది. లేచి ఒక్క అడుగేస్తె ఎల్లం కట్టె అడ్డం పెడుతుండు.

"ఎల్లం, నీ కాల్మొక్త రా, జర అటు తిరుగు. ఒక్కపారి తుడుస్త."

"నా తోలు ఒలుస్తది దొర్సాని. కూసో అన్నా, నీకు పుణ్యముంటది."

యాష్టకొచ్చి చెప్పు తీసి నా నెత్తి మీద నేనే కొట్టుకున్న. తొవ్వల పోయేటోళ్లు ఆగి చూసిండ్రు. చూడనీ.

తెల్లారి మల్ల మొదటికొచ్చిన. గీకినకాడనే గీకుడు, రుద్దినకాడనే రుద్దుడు. పురాగ చెయ్యనీకె యాల్ల లేదు. కనబడే దిక్కు తలుపులు, మడిగార్డులు మాత్రం శుభ్రం చేసి సిందూరం పూసిన. అడుగు రేకు, తలుపుల కింది అంచులు అట్లనే ఇడిసిపెట్టి, జంగు మీదనే నల్లరంగు కొట్టిన. జీవితంల మొదటిపారి దొర చెప్పినట్టు చేసిన. నవోమి విసనకర్ర పట్టుకుని రంగును విసిరింది, ఆరుతదేమో అని. మోటరు మెరిసింది. దూరంకెల్లి చూస్తె కొత్తదే. నాకు మాత్రం దాన్ని చూస్తె అన్నం ముద్ద దిగలేదు.

ఆదివారం గుడి గంట కొడుతుంటె నేను దొర మోటరు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఖిల్లా దిక్కు పోయిన. లోపట దొర, నెత్తి మీద తెల్ల టోపీ. గేటు కాడ సిపాయి మోటరును చూసి ఠక్కున సలాం కొట్టిండు. దొర నా దిక్కు చూసి మీసం దువ్విండు. చెప్పిన గదా అన్నట్టు. ఆ గడియకు నాకు గూడ సంతోషమనిపించింది. గింత చాకిరి ఊకె పోలేదు అనుకున్న.

కెప్టెన్ బయటికొచ్చిండు. ఆయనది హిందీ, మాది ఉర్దూ, ముచ్చట అర్థమయితది. దొర చేతులు జోడించి ఏదో అనబోయిండు. కెప్టెన్ దొరను చూస్తలేడు. మోటరును చూస్తుండు. చుట్టు తిరిగిండు. మడిగార్డు మీద చెయ్యి పెట్టి రాసిండు.

"బహుత్ అచ్ఛా" అన్నడు. "మా జీపు చెడిపోయింది. ఈ బండి సర్కారు పనికి కావాలె. ఇక్కడ పెట్టి పోండ్రి."

దొర నవ్వు నవ్వు లెక్కనే ఉండిపోయింది, కండ్లు మాత్రం గుండ్రంగ అయినయి. హుజూర్ అన్నడు, సాబ్ అన్నడు, జై హింద్ అన్నడు. ఏది పని చెయ్యలేదు. ఎల్లం చేతులకెల్లి తాళంచెవి సిపాయి తీసుకున్నడు. దొర మొఖం మాడ్చుకుని గేటు దిక్కు నడిచిండు. నేను ఎనుకనే ఉరికిన.

"దొరా, ప్రకాశం ముచ్చట! ఒక్క మాట చెప్పుండ్రి దొరా, రేపు లారీ ఉన్నది!"

"నా మోటరే పాయె, నీ బామ్మర్ది ఎవడు రా!" అని ఒర్రిండు. "అద్దం లెక్క ఎవడు చెయ్యమన్నడు నిన్ను?"

ఎవడు చెయ్యమన్నడంట! ఇన్ని దినాలు నెత్తి మీద కూసుని రంగెయ్యి రంగెయ్యి అన్నది ఎవరు? ఎల్లాన్ని ఎంటేసుకుని నడిచే పోయిండు, తిరిగి చూడలేదు. కంచె అవతల ప్రకాశం నిలబడి అంత చూస్తుండు. జర నవ్వినట్టు చేసి తల దించుకున్నడు. నవోమికి ఏం చెప్పాలె? ఏ మొఖం పెట్టుకుని ఇంటికి పోవాలె?

కోపమంత ఆ మోటరు మీదికి మళ్లింది. నీ తల్లి, నీవల్లనే గద ఇదంత అని తలుపు కింది అంచును ఈడ్చి తన్నిన.

కాలు లోపటికి పోయింది. రంగు పెచ్చులు పెచ్చులుగ రాలింది, దాని ఎనుక గుప్పెడు ఎర్ర పొడి. నా కాలు అండ్ల ఇరికి నేను ఒంటికాలి మీద గెంతుతున్న. సిపాయి తుపాకి పట్టుకుని ఉరికొచ్చిండు. కెప్టెన్ గూడ వచ్చిండు.

"సర్కారు బండిని తంతున్నవా?"

"తన్నకపోతె ఏం చెయ్యాలె సాబ్!" అన్న. నాకప్పటికి బుగులు లేదు, పాడు లేదు. "ఇది పైననే బండి. లోపటంత జంగు. అడుగు రేకు మీద మీరు బూటు పెడితె భూమి మీద ఆనుతది. పెంటదిబ్బల పెట్టిండ్రు దీన్ని, పెంటదిబ్బల!"

కెప్టెన్ వంగి బొక్కల చూసిండు. తలుపు తెరిచి అడుగు రేకును బూటుతోని తట్టిండు. అది కరకరమన్నది.

"ఇది చేసింది నువ్వేనా? అయితె నువ్వే బాగు చెయ్యి. ఇక్కడనే చెయ్యి."

"ఒక్కన్ని కాదు సాబ్. అడుగు రేకు అంటె ఒకడు కిందికెల్లి ఎత్తి పట్టాలె, ఒకడు మీదికెల్లి కొట్టాలె."

"సిపాయిని ఇస్త."

అగో, గప్పుడు తట్టింది నాకు. దేవుడే తట్టిచ్చిండో, నా తిక్కనే తట్టిచ్చిందో తెల్వదు.

"సిపాయి చేతులు తుపాకికి అలవాటు సాబ్. రేకు పట్టనీకె పని నేర్చినోడు కావాలె. నా చేతికింద పనోడు ఒక్కడుండె. వాణ్ని మీరే కంచె లోపట పెట్టుకున్నరు. పేరు ప్రకాశం."

ఆదివారం పూట, గుడి గంట ఇంక చెవుల్ల ఉండంగనే, ఇంత పెద్ద అబద్ధమాడిన. ప్రకాశం చేతులు సుద్దముక్క తప్ప ఏది పట్టినయి కావు. మా ఇంట్ల మొల కొట్టమంటె గోడ పలగ్గొట్టినోడు.

వాణ్ని తీసుకొచ్చిండ్రు. సుత్తి చేతుల పెట్టిన. ఇనుము దిక్కు పట్టుకున్నడు, కట్టె దిక్కు ఇడిసి! కెప్టెన్ చూస్తనే ఉన్నడు.

"ఓరి గాడిదా! నెల దినాలు కూసుని తింటె పని మరిచిపోయినవా?" అని వీపు మీద ఒక్కటి చరిచిన. "తిప్పి పట్టు! ఎన్నిపార్లు చెప్పాలె నీకు?"

"తప్పయింది మేస్త్రీ" అన్నడు వాడు. నా పెండ్లయిన సంది బావా అని తప్ప పిలవనోడు. తెలివిగల్లోడే.

కెప్టెన్ ఏమనుకున్నడో ఏమో. "జల్ది చెయ్యి" అని పోయిండు.

సోమవారం లారీ వచ్చింది. పేర్లు పిలిచిండ్రు. ప్రకాశం పేరు గూడ పిలిచిండ్రు. నేను మోటరు కిందికెల్లి "రేకు పట్టుకున్నడు, ఇడిస్తె నా మీద పడ్తది!" అని ఒర్రిన. కెప్టెన్ చెయ్యి ఊపిండు. లారీ పోయింది. మేమిద్దరం మోటరు కింద ఎల్లెలకల పండుకుని ఆ సప్పుడు ఖిల్లా మలుపు దాటేదాంక విన్నం. పోయినోళ్లల్ల వానితోని ఒక్క గిన్నెల తిన్నోళ్లున్నరు. ప్రకాశం రేకును మొఖం మీదికి గుంజుకుని ఏడ్చిండు. నేను ఊకె కొడుతనే ఉన్న, సిపాయికి వినబడొద్దని.

ఇగ ఆ వారమంత చూడుండ్రి నా గోస. ఎన్నడూ లేంది, పని వానపాము లెక్క సాగాల్సినప్పుడు ఉరుకుతున్నది! మిలట్రీ స్టోరుల మంచి రేకున్నది, తగరమున్నది. అడిగింది అడిగినట్టు ఇస్తుండ్రు. గీకితె బొక్క పడాలని చూస్తె మంచి రేకు తగులుతున్నది. ఒకప్పుడు ఒక్క బొక్క కనబడితె తిట్టుకున్నోన్ని, ఇప్పుడు ఒక్క బొక్క కోసం తలుపు మూలలు వేలుతోని వెతుక్కుంటున్న. ఏడ పోయినవే జంగూ, అప్పుడు పిలవకున్న వస్తివి గద!

శనివారానికి అడుగు రేకు పురాగ కొత్తదయింది. నాలుగు దిక్కులు తెల్లగ మెరుస్తున్నది. కెప్టెన్ వచ్చి చూసి, "శాబాష్. రేపు రంగెయ్యి. సోమవారం పొద్దుగాల నాకు బండి కావాలె" అన్నడు.

ఆయన పోయినంక ప్రకాశం మెల్లగ అన్నడు. "బావా, సోమవారమే లారీ."

"నాకు తెల్వదా?" అని కసురుకున్న. వాని మీద కోపం గాదు. నా చేతుల మీద, ఆ తెల్లటి రేకు మీద. మాపటికి నవోమి రొట్టెలు తెచ్చింది. గేటు కాడికి పోయి గిన్నె అందుకున్న.

"రేపు వచ్చేటప్పుడు కొబ్బరికాయలు తే" అన్న.

"కొబ్బరికాయలా? ఎందుకయ్యా?"

"మోటరుకు పూజ చెయ్యాలె. పసుపు, ఉప్పు, నిమ్మకాయలు గూడ తే. దొర్సానిని అడుగు, సంతోషంగ ఇస్తది."

నవోమి నా మొఖం చూసింది. నాకు పిచ్చి పట్టిందనుకున్నది ముందు. తరువాత మోటరు దిక్కు చూసింది, దాని పక్కన నిలబడ్డ తమ్ముని దిక్కు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈపారి ఏడుపు కాదు.

ఆదివారం పొద్దుగాల, మనోళ్లంత గుడిల కీర్తన పాడే యాల్లకు, నేను క్యాంపుల మోటరు ముంగట టెంకాయ కొట్టిన. ప్రభువు నన్ను ఏమన్న అననీ, తరువాత చూసుకుంట. కెప్టెన్ సప్పుడు విని వచ్చిండు.

"పూజనా?"

"అవును సాబ్. మా దిక్కు కొత్త రేకేసిన బండికి పూజ చెయ్యకుండ రంగెయ్యం. పూజ చేసినంక ఆ దినం ఎవ్వరు ముట్టొద్దు. ముడితె మంచిది గాదు."

కెప్టెన్ టోపీ తీసి చేతులు జోడించిండు. సిపాయి బూట్లిడిసి వచ్చి దండం పెట్టిండు. మాతోని గూడ బొట్టు పెట్టిచ్చుకున్నరు. ఎవ్వరు ముట్టకుండ చూసుకొమ్మని ఆ సిపాయినే కావలి పెట్టి పోయిండు కెప్టెన్.

ప్రకాశం పసుపునీళ్ల బిందె చంకల పెట్టుకుని మోటరు చుట్టు తిరుగుతుండు. జిందగీల ఏనాడు పూజ చెయ్యనోడు. తలుపుల మీద పోసిండు, అతుకుల పొంటి పోసిండు. వంగి లోపటికి చూసిండు.

"బావా, అడుగు రేకు మూలలకు తడి అందలేదు."

"ఇంక చూస్తవేందిరా, పొయ్యి" అన్న. "ఆ నిమ్మకాయ గూడ పిండు."